వేగాన్ని తూచిన తక్కెడ: చౌక బ్యాటరీ బండ్ల చరిత్ర

బ్యాటరీ బండి కొనదలచినవారు దుకాణంలో సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ధర ఎంత? ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? లైసెన్సు, రిజిస్ట్రేషన్ కావాలా? మూడో ప్రశ్నకు "అక్కర్లేదండీ, ఇది పాతిక దాటదు" అన్న జవాబు వస్తే సగం బేరం కుదిరినట్టే. మెల్లగా పోయే బండి వల్ల ప్రమాదం ఉండదన్న నమ్మకం ఆ జవాబులో దాగి ఉంది.

ఈ నమ్మకం అమ్మకందారు పుట్టించినది కాదు. దానికి జన్మనిచ్చింది చట్టం. అదీ ఏదో ఒక దేశపు చట్టం అనుకోవడానికి లేదు. బ్రిటన్, జపాన్, ఐరోపా, చైనా, భారతదేశం, ఇవన్నీ కొంచెం అటూ ఇటూగా గంటకు ఇరవై, పాతిక కిలోమీటర్ల దగ్గరే గీత గీశాయి. గీతకు ఇవతల ఉన్నది సైకిలుకు చుట్టం, అవతల ఉన్నది మోటారు వాహనం. ఆ గీత ఎలా ఏర్పడింది, చాలాకాలం ఎందుకు సరిపోయింది, ఎప్పుడు చాలకుండా పోయింది అన్నదే ఈ వ్యాసానికి విషయం. చౌక బండి భద్రతనూ విలువనూ తూచదలచిన వారికి ఈ చరిత్ర తెలిసి ఉండటం అవసరమని నా అభిప్రాయం.

సీసం మోసిన కాలం

విద్యుత్తుతో నడిచే బండి నిన్నమొన్నటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెట్రోలు మోటారు సైకిలుకు అన్నగారు. గాట్లీబ్ డైమ్లర్ జర్మనీలో పెట్రోలు యంత్రం బిగించిన రెండు చక్రాల బండిని 1885లో తయారు చేశాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1881లో, గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి విద్యుత్ నిపుణుడు ఇంగ్లండులో తయారైన మూడు చక్రాల సైకిలుకు విద్యుత్ మోటారు అమర్చి పారిస్ వీధిలో నడిపి చూపాడు. అది గంటకు సుమారు 12 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1895 డిసెంబరు 31న అమెరికాలోని ఒహాయో రాష్ట్రవాసి ఆగ్డెన్ బోల్టన్ విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందాడు. ఆయన మోటారును వెనక చక్రపు ఇరుసు చుట్టూ అమర్చాడు. ఈనాడు మన వీధుల్లో తిరిగే చౌక బ్యాటరీ బండిలో మోటారు ఎక్కడ ఉంటుందో వంగి చూడండి. నూట ముప్పై ఏళ్ళ కిందట బోల్టన్ గీసిన బొమ్మలో ఉన్న చోటే ఉంటుంది.

మోటారు అంత తొందరగా సిద్ధమైతే బండి ఎందుకు నిలదొక్కుకోలేదు? జవాబు బ్యాటరీలో ఉంది. తిరిగి ఛార్జి చేసుకోదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. తర్వాత శతాబ్దంపైగా బండికి దొరికిన దిక్కు ప్రధానంగా అదే. ఒక కిలో సీసపు బ్యాటరీలో నిలవ ఉండేది సుమారు 30 నుంచి 40 వాట్ గంటల శక్తి. ఒక కిలో పెట్రోలులో ఉండేది సుమారు 12,000 వాట్ గంటలు. పెట్రోలు యంత్రం అందులో మూడు వంతులు వేడిగా పారబోసినా, మిగిలిన వంతు ముందు సీసం నిలవలేకపోయింది. విద్యుత్ బండి తన శక్తిలో చాలా భాగం తన బ్యాటరీని తాను మోయడానికే ఖర్చు పెట్టేది.

అయితే సీసపు బ్యాటరీకి ఒక సుగుణం ఉంది. ఆనాటికి దాని విలువ ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే దానికి భిన్నమైనది ఇంకా రాలేదు. అందులోని ద్రవం నీళ్ళు కలిపిన ఆమ్లం. ఒలికితే చర్మం కాలుతుంది, బట్ట చిల్లులు పడుతుంది; ఎక్కువగా ఛార్జి చేస్తే హైడ్రోజను వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోట ఉంచాలి. ఇవి ప్రమాదాలే. కానీ ఆ ద్రవం ఇంధనంలా మండదు. బండి నిలిపి ఇంట్లోకి వెళితే ప్రమాదం కూడా దాదాపుగా బండితోపాటే నిలిచిపోయేది. అందువల్ల విద్యుత్ బండి అపాయాన్ని కొలవాలంటే అది ఎంత వేగంగా పోతుంది, ఎంత బరువుంది అని చూస్తే సరిపోయేది. చట్టాలు రాసినవారు ఆ తక్కెడనే చేతపట్టారు.

పాతిక అనే గీత

ఈ తక్కెడతో పుట్టిన తొలి చౌక బండ్లలో పేరు మోసినది బ్రిటన్‌కు చెందిన సింక్లెయిర్ సీ5. అక్కడ 1983లో వచ్చిన నిబంధనల ప్రకారం, తొక్కుడు కూడా ఉండి, విద్యుత్ సాయంతో గంటకు 15 మైళ్ళు, అంటే సుమారు 24 కిలోమీటర్లు మించకుండా నడిచే బండికి లైసెన్సు అక్కరలేదు, పన్ను అక్కరలేదు, హెల్మెట్ అక్కరలేదు. పద్నాలుగేళ్ళు నిండితే చాలు. చవక లెక్కల యంత్రాలతో, చవక కంప్యూటర్లతో పేరు తెచ్చుకున్న క్లైవ్ సింక్లెయిర్ ఈ నిబంధనను చూసి, దాని కొలతలకు సరిపడేలా మూడు చక్రాల బండిని రూపొందించాడు. 250 వాట్ల మోటారు, సీసపు బ్యాటరీ, ప్లాస్టిక్ తొడుగు, ధర 399 పౌన్లు. 1985 జనవరి 10న లండన్‌లో దాన్ని విడుదల చేశాడు.

సీ5లో మనిషి దాదాపు పడుకున్నట్టు కూర్చుంటాడు. తల లారీ చక్రాల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పక్కన పోయే లారీ డ్రైవరుకు తాము కనిపిస్తామా అన్న భయం చూసినవారందరికీ కలిగింది. దానికి కంపెనీ దగ్గర మందు ఉంది: దూరం నుంచి కనిపించేలా వెనక నిలబెట్టే ఎత్తయిన కర్ర. కానీ అది 399 పౌన్లలో రాదు, విడిగా కొనుక్కోవాలి. పక్కకు తిరుగుతున్నట్టు చూపే దీపాలూ, అద్దాలూ కూడా అంతే. చట్టం అడగనివి కాబట్టి ధరలోంచి తీసేశారు. సుమారు 14,000 బండ్లు తయారైతే, కంపెనీ దివాలా తీసేలోగా సుమారు 5,000 అమ్ముడయ్యాయి. ఆ ఏడాది ఆగస్టులోనే తయారీ ఆగిపోయింది.

సీ5ని విఫల ప్రయోగంగా చెప్పుకుని నవ్వుకోవడం రివాజు. నాకు మాత్రం అందులో తర్వాతి చరిత్ర అంతా సూక్ష్మంగా కనిపిస్తుంది. చట్టం ఒక కొలత చెబుతుంది. తయారీదారు సరిగ్గా ఆ కొలతకు బండి కడతాడు. కొలతలో లేని భద్రత ధరలోంచి జారిపోయి అదనపు సామాను జాబితాలో చేరుతుంది.

జపాన్ మరో దారిన పోయింది. యమహా సంస్థ 1993లో 'పాస్' అనే సైకిలును తెచ్చింది. అందులో మోటారు తనంతట తాను లాగదు. మనిషి ఎంత బలంతో తొక్కుతున్నాడో గ్రహించి, అందుకు తగినంత చేయూత ఇస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఆ సాయం సన్నగిల్లి, గంటకు 24 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశంలో ఇలాంటి సైకిళ్ళకు 250 వాట్లు, 25 కిలోమీటర్లు హద్దుగా పెట్టింది. అంతకుముందే 1999లో చైనా జాతీయ ప్రమాణం వచ్చింది: వేగం 20 కిలోమీటర్లు, బరువు 40 కిలోలు, మోటారు 240 వాట్లు మించరాదు.

చైనాలో ఆ హద్దులు కాగితానికే పరిమితమయ్యాయి. పెద్ద నగరాలు పెట్రోలు మోటారు సైకిళ్ళను కట్టడి చేయడంతో జనం విద్యుత్ సైకిళ్ళ మీద పడ్డారు. 2003లో సార్స్ వ్యాధి ప్రబలి కిక్కిరిసిన బస్సులంటే భయం పట్టుకోవడంతో గిరాకీ ఇంకా పెరిగింది. పేరుకు సైకిలు, ఆకారానికి స్కూటరు. తొక్కుళ్ళు చట్టం కోసం బిగించినవే తప్ప కాలు పెట్టడానికి పనికివచ్చేవి కావు. వేగానికి వేసిన బిరడాను కొన్న మర్నాడే దుకాణదారు ఊడదీసేవాడు. గ్వాంగ్‌జౌ నగరం 2006లో వీటిని రోడ్ల మీదకు రానివ్వకుండా నిషేధించింది కూడా. అయినా ఈ వాడుక ఆగలేదు. మన దేశానికి చౌక బ్యాటరీ బండి వచ్చింది ఈ సంప్రదాయంలోంచే.

నంబరు పలక లేని బండ్లు

2006, 2007 సంవత్సరాలలో మన ఊళ్ళలో బ్యాటరీ స్కూటర్ల దుకాణాలు వెలిశాయి. జనం 'ఛార్జింగ్ బండి' అన్నారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2(యు) అనే నిర్వచనం వీటికి ఆధారం. మోటారు సామర్థ్యం 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలలోపు ఉంటే, పరీక్షా సంస్థ ఆమోదం పొందిన మీదట అది చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు.

ఈ మినహాయింపు మేలు చేయలేదని అనలేం. లైసెన్సు తీసుకునే వీలు లేని వృద్ధులకు, బజారుకూ బడికీ దగ్గర దూరాలు తిరిగే గృహిణులకు, చిన్న వ్యాపారులకు అది స్వేచ్ఛ ఇచ్చింది. అయితే మోటారు వాహనం కాదన్న మాటకు మరో ముఖం ఉంది. రిజిస్ట్రేషన్ లేకపోతే రవాణా శాఖ పద్దులో ఆ బండి ఉండదు. ఏ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో, ఎన్నాళ్ళనుంచి నడుస్తున్నాయో ఆ పద్దు చెప్పదు. తప్పనిసరి బీమా లేకపోతే, ఆ బండి తగిలి కాలు విరిగిన పాదచారికి పరిహారం ఇచ్చే బీమా కంపెనీ కూడా ఉండదు. లెక్కలోకి రానిది తప్పులోకీ రాదు.

2010 నవంబరులో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ రాయితీ ప్రకటించింది. తక్కువ వేగపు స్కూటరుకు గరిష్ఠంగా 4,000 రూపాయలు, ఎక్కువ వేగపుదానికి 5,000. 2012 మార్చితో ఆ పథకం ముగిసింది. దాంతో అమ్మకాలు పడిపోయాయి, చాలా దుకాణాలు మూతపడ్డాయి. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలు తీవ్రంగా ఉన్న సంగతి కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

రాయితీ పోవడం ఒక్కటే కారణమైతే ఆ బండ్లను అంతగా నిందించేవారు కారు. వాటిలో వాడిన నాలుగు సీసపు బ్యాటరీలు కలిపి సుమారు ఒక యూనిట్ కరెంటు దాచుకునేవి. పూర్తిగా ఖాళీ చేస్తూ వాడితే సీసపు బ్యాటరీ సుమారు 300 ఛార్జీలకు నీరసిస్తుంది. రోజూ తిరిగేవారికి ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి నలభై కిలోమీటర్లు రావలసిన బండి పాతిక దగ్గరే మొరాయించేది. బ్యాటరీ మార్చాలంటే బండి ధరలో పెద్ద భాగం మళ్ళీ పెట్టాలి. కొన్న రోజున చౌకగా కనిపించినది రెండో ఏట తన అసలు ధర చెప్పింది. ఆ తరం బండ్లు జేబులు ఖాళీ చేశాయి, నమ్మకం పోగొట్టాయి. కానీ ఇళ్ళు తగలబెట్టలేదు.

పెట్టెలో మారిన పదార్థం

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో జపాన్‌కు చెందిన సోనీ సంస్థ మొదటిసారి అంగట్లోకి తెచ్చింది. కిలోకు సీసం దాచేదానికి నాలుగైదు రెట్లు శక్తి దాచగలదు. చాలాకాలం అది కెమెరాలకూ ఫోన్లకూ మాత్రమే అందిన పదార్థం. 2010లో కిలోవాట్ గంటకు వెయ్యి డాలర్లు దాటి ఉన్న బ్యాటరీ ధర 2020ల ఆరంభానికి నూట యాభై డాలర్ల ప్రాంతానికి దిగింది. పాతిక కిలోల సీసం చేసే పని ఏడెనిమిది కిలోల పెట్టె చేయసాగింది. ఆ పెట్టెను బండిలోంచి తీసి, చేత్తో పట్టుకుని మేడ మీదకు మోసుకుపోవచ్చు. పడకగదిలో ఫోను పక్కన ఛార్జింగుకు పెట్టవచ్చు.

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది. లిథియం బ్యాటరీలోని ద్రవం నీరు కాదు. మండే స్వభావం గల సేంద్రియ ద్రావణి. ధన, రుణ ఫలకాల మధ్య అడ్డుగా ఉండేది అతి పలుచని ప్లాస్టిక్ పొర. ఎక్కువ ఛార్జి వల్లనో, దెబ్బ తగలడం వల్లనో, తయారీలో లోపల చిక్కుకున్న లోహపు రజను వల్లనో ఒక గడి వేడెక్కితే, సుమారు 130 డిగ్రీలు దాటాక ఆ పొర కరగడం మొదలవుతుంది. ఫలకాలు తాకుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది. కొన్ని రకాల బ్యాటరీల్లో ధన ఫలకమే ప్రాణవాయువును విడుదల చేస్తుంది. అంటే మంటకు కావలసిన మూడూ, ఇంధనం, వేడి, ప్రాణవాయువు, ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఒక గడి అంటుకుంటే పక్క గడికి పాకుతుంది. బయటి గాలి ఆపినా లాభం ఉండదు. ముందు వచ్చేది విషపు పొగ.

చౌక బండికి సాధారణంగా వాడే 48 వోల్టుల బ్యాటరీలో పదమూడు గడుల వరసలు ఉంటాయి. పదమూడు వరసలూ ఒకేలా పాతబడవు. బలహీనమైన వరస ముందుగా నిండుతుంది. మిగిలినవి నిండేవరకు ఛార్జరు నెడుతూనే ఉంటే అది హద్దు దాటిపోతుంది. ఒక్కొక్క వరసను కనిపెట్టి చూస్తూ, అవసరమైనప్పుడు కరెంటు ఆపే చిన్న పలక ఒకటి ఉంటుంది. బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ అంటే అదే. పెట్టె మూసేశాక అది నాణ్యమైనదో, పేరుకు పెట్టినదో కొనేవారికి కనిపించదు. ధర తగ్గించదలచినవారికి అదే అనువైన చోటు. సీ5కి కర్ర విడిగా అమ్మిన కాలంలో కనీసం కర్ర లేదన్న సంగతి కంటికి కనిపించేది.

వేగాన్ని కొలిచే తక్కెడ ఇక్కడ ఓడిపోయింది. గోడ పక్కన నిలిపి ఉంచిన బండి వేగం సున్నా. అందులో దాగిన శక్తి మాత్రం సున్నా కాదు.

2022

మన ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన ఫేమ్ రెండో దశ పథకం ద్విచక్ర వాహనాలకు బ్యాటరీ పరిమాణాన్ని బట్టి, కిలోవాట్ గంటకు 10,000 రూపాయల చొప్పున రాయితీ ఇచ్చింది. 2021 జూన్‌లో దాన్ని 15,000 చేసి, వాహన ధరలో 40 శాతం వరకు అనుమతించింది. సీసపు బ్యాటరీ బండ్లకు అందులో చోటు లేదు. కాలుష్యం దృష్టితో చూస్తే ఉద్దేశం మంచిదే. పెట్టె ఎంత పెద్దదైతే అంత రాయితీ. పెట్టె ఎంత పదిలమైనది అన్న ప్రశ్న మాత్రం వెనకబడింది.

2022 మార్చి చివరివారంలో తమిళనాడులోని వెల్లూరులో ఇంటి దగ్గర ఛార్జింగుకు పెట్టిన స్కూటరు అంటుకుంది. పొగకు ఊపిరాడక ఒక తండ్రి, పదమూడేళ్ళ కూతురు మరణించారు. ఏప్రిల్ 20న నిజామాబాదులో రాత్రి ఇంట్లో ఛార్జింగు పెట్టిన విడి బ్యాటరీ పేలి, అక్కడే నిద్రిస్తున్న ఎనభై ఏళ్ళ వృద్ధుడు చనిపోయాడు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడలో అలాగే ఒక బ్యాటరీ పేలింది. భర్త మరణించాడు, భార్య తీవ్రంగా గాయపడింది. ఆ బండి ముందురోజే కొన్నది. సెప్టెంబరు 12 రాత్రి సికిందరాబాదులో అడుగున విద్యుత్ స్కూటర్ల విక్రయశాల, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచాయి. మెట్ల దారిలో పొగ పైకి ఎగబాకింది. ఎనిమిది మంది చనిపోయారు. వారిలో బండి కొన్నవారెవరూ లేరు. ఆ రాత్రికి గది అద్దెకు తీసుకుని అక్కడ ఉన్నవారు.

ఈ నాలుగు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. మృతుల్లో ఎవరూ ఆ సమయంలో బండి నడపడం లేదు. వృద్ధుడు, పసిపిల్ల, పై అంతస్తు బాటసారి, వీరిలో ఎవరికీ లైసెన్సు నిబంధన గానీ, హెల్మెట్ గానీ, వేగపు హద్దు గానీ అడ్డుపడగలిగేది కాదు. వందేళ్ళుగా చట్టం కాపలా కాసిన వాకిలి ఒకటి, మృత్యువు వచ్చిన వాకిలి మరొకటి.

మారిన తక్కెడ

కేంద్రం వేసిన నిపుణుల సంఘానికి హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ సంచాలకులు డాక్టర్ టాటా నరసింగరావు నాయకత్వం వహించారు. ఆ సంఘం సిఫార్సుల మీద విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించారు. సవరణలు 2022 డిసెంబరు 1న ఒక విడతగా, 2023 మార్చి 31న రెండో విడతగా అమలులోకి వచ్చాయి. గడుల మీద తయారైన నెల, సంవత్సరం ఉండాలి. లోపలి ఒత్తిడి బయటికి పోయే మార్గం ఉండాలి. లోపం మొదలైనప్పుడు ధ్వనితో, వెలుగుతో హెచ్చరించాలి. ఒక గడిలో పుట్టిన వేడి పెట్టె అంతటా పాకి మంట కాకుండా నిలవగలదని పరీక్షలో రుజువు కావాలి. వేగం గురించి అందులో కొత్త మాట ఏదీ లేదు. మొదటిసారిగా తక్కెడలో పెట్టెను పెట్టారు.

మరికొన్ని దేశాలూ ఇదే పాఠాన్ని ఇదే వరసలో నేర్చుకున్నాయి. న్యూయార్కు నగరంలో ఇంటింటికీ భోజనం చేరవేసే శ్రామికులు, ఎక్కువమంది వలస వచ్చినవారు, చౌక విద్యుత్ సైకిళ్ళమీద బతుకుతారు. ఇరుకు గదుల్లో రాత్రిపూట బ్యాటరీలు ఛార్జి చేస్తారు. 2023లో ఆ నగరంలో లిథియం బ్యాటరీ మంటలు 268, మరణాలు 18. ఆ ఏడాది సెప్టెంబరు 16 నుంచి అక్కడ యూఎల్ 2849 వంటి భద్రతా ప్రమాణానికి తగినట్టు ధ్రువపత్రం లేని విద్యుత్ సైకిలును అమ్మడం నిషిద్ధం. మరుసటి ఏడు మంటల సంఖ్య తగ్గకపోయినా మరణాలు 6కు తగ్గాయి. చైనాలోని నాన్‌జింగ్‌లో 2024 ఫిబ్రవరి 23న నివాస భవనం కింది అంతస్తులో విద్యుత్ సైకిళ్ళు నిలిపే చోట పుట్టిన మంట 15 మందిని పొట్టన పెట్టుకుంది. విద్యుత్ సైకిలు లిథియం బ్యాటరీకి ప్రత్యేకంగా రాసిన తప్పనిసరి ప్రమాణం అక్కడ 2024 నవంబరు 1న అమలులోకి వచ్చింది.

ఒక వెలితి మాత్రం గమనించాలి. మన ఏఐఎస్ 156 మోటారు వాహనాల తరగతిని ఉద్దేశించిన ప్రమాణం. 2(యు) కింద మోటారు వాహనం కాదనిపించుకున్న నెమ్మది బండి, అందరికన్నా చౌకది, అందరికన్నా పేదవారు కొనేది, ఆ గొడుగు అంచున నిలబడి ఉంది. అందుకే అక్కడ కొనేవారి విచక్షణకు పని ఎక్కువ.

కొనేవారి తక్కెడ

చౌకదనం దానంతట అది నేరం కాదు. రెండు రకాల చౌక ఉన్నాయి. చిన్న బ్యాటరీ, తక్కువ వేగం, హంగులు లేని తెర, వీటివల్ల తగ్గిన ధర నిజాయితీ గల చౌక. నిర్వహణ పలకలో, గడుల నాణ్యతలో, ఛార్జరులో కోత పెట్టి తగ్గించినది అప్పుతో సమానం. దాన్ని తీర్చేది ఎవరో ముందుగా తెలియదు. ఈ రెండింటినీ వేరు చేయడమే బేరంలోని అసలు నేర్పు.

విలువను లెక్క కట్టేటప్పుడు కరెంటు ఖర్చు చూసి మురిసిపోకూడదు. ఒక యూనిట్‌తో నెమ్మది బండి సుమారు నలభై కిలోమీటర్లు పోతుంది. పెట్రోలుతో పోలిస్తే అది లెక్కలోకి రానంత స్వల్పం. అసలు ఖర్చు బ్యాటరీ అరుగుదల. కొత్త బ్యాటరీ ధరను, అది బతికినన్నాళ్ళు నడిపే కిలోమీటర్లతో భాగించాలి. 300 ఛార్జీల సీసపు బ్యాటరీ సుమారు 12,000 కిలోమీటర్లు నడుపుతుంది. లిథియం రకాల్లో ఐరన్ ఫాస్ఫేటుది 1,500 ఛార్జీలు నిలిచినా 60,000 కిలోమీటర్లు. పాతబడేకొద్దీ దూరం తగ్గుతుంది కాబట్టి రెండింటిలోనూ కొంత కోసుకోవాలి. అయినా ఏది చౌకో ఈ భాగహారం చెప్పినంత స్పష్టంగా దుకాణంలోని ధరల పట్టీ చెప్పదు. పైగా ఐరన్ ఫాస్ఫేటు రకం బరువెక్కువైనా, వేడికి ఎక్కువసేపు తట్టుకుంటుంది, ప్రాణవాయువును సులభంగా వదలదు. మన ఎండలకు అది చిన్న విషయం కాదు.

భద్రత విషయంలో అడగవలసిన ప్రశ్నలను ఈ చరిత్రే అందిస్తుంది. బ్యాటరీ ఏ ప్రమాణం కింద, ఏ పరీక్షా సంస్థలో ఆమోదం పొందింది? ఆ పత్రం చూపగలరా? గడులు ఏ రకానివి, ఎప్పుడు తయారైనవి? ఛార్జరు బండితో వచ్చినదేనా? బ్యాటరీ పాడైతే రెండేళ్ళ తర్వాత ఎవరు మారుస్తారు, ఆ హామీ కాగితం మీద ఉందా? జవాబు చెప్పలేని దుకాణంలో ధర ఎంత తక్కువైనా అది తక్కువ కాదు.

ఇంట్లో పాటించవలసినవి ఇంకా సులువు. ఎండలో తిరిగి వచ్చిన బండిని చల్లారనిచ్చి ఛార్జికి పెట్టాలి. పడకగదిలో, ముఖ్యంగా అందరూ నిద్రపోయాక, పెట్టకూడదు. ఇంటికి ఒక్కటే ద్వారం ఉంటే ఆ ద్వారం దగ్గర పెట్టకూడదు. మంట లేస్తే బయటికి పోయే దారి అదే. ఉబ్బిన, కిందపడి దెబ్బతిన్న, నీట మునిగిన బ్యాటరీని వీధి మెకానిక్ చేత విప్పించి మళ్ళీ వాడకూడదు. పొగ కనిపిస్తే సామాను కోసం ఆగకుండా మనుషులందరూ బయటికి రావాలి.

త్రూవే పారిస్ వీధిలో తిరిగిన నాటికీ నేటికీ మోటారు పెద్దగా మారలేదు, చక్రం మారలేదు, మనిషి ఆశ మారలేదు. తక్కువ ఖర్చుతో, ఎవరినీ దేబిరించకుండా, తన పని మీద తాను పోవాలన్న ఆశ అది. ఆ ఆశ న్యాయమైనది. దాన్ని తీర్చే బండి పేదవాడికి దక్కాలి. అతని ఇంట్లో నిద్రపోయే ముసలి తండ్రికి, ఆడుకునే పిల్లకు ముప్పు రాకుండా దక్కాలి. నిజామాబాదు, విజయవాడ, సికిందరాబాదు మృతులు మన తక్కెడ తప్పని చూపారు. కొత్త తక్కెడ మన చేతికి వచ్చింది. ఇకమీదట దుకాణంలో "పాతిక దాటదండీ" అన్న జవాబు వినిపించినప్పుడు, "సరే, పెట్టె సంగతి చెప్పండి" అని అడగడం మన వంతు.